మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగిపోతోంది, స్మార్ట్ గ్రిడ్ అంటే ఇదేనా?

మేడమీద_సూర్యుడు · శనివారం, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మేడ మీద 5 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించి నాలుగు నెలలైంది. గ్రిడ్‌కి కలిపినదే, బ్యాటరీ లేదు. పొద్దున బాగుంటుంది, సాయంత్రం బాగుంటుంది, సరిగ్గా ఎండ దంచేటప్పుడే, పదకొండున్నరకీ రెండుకీ మధ్య, ప్యానెళ్ల డీసీని ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఇన్వర్టర్ టక్కుమని ఆగిపోతుంది. ఐదు నిమిషాలకి దానంతటదే లేస్తుంది, కాసేపు నడుస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఇవాళ కూర్చుని లెక్కపెట్టాను, పదమూడు సార్లు.

బిగించినవాళ్లని అడిగితే "గ్రిడ్ ప్రాబ్లమ్ సార్" అంటారు. కరెంటు ఆఫీసులో అడిగితే "మీ ఇన్వర్టర్ ప్రాబ్లమ్" అంటారు. మధ్యలో నేను. ప్యానెల్ సామర్థ్యం 22 శాతం, ఇన్వర్టర్ 98 శాతం అని కాగితాల మీద ఉంది. మొన్నే స్మార్ట్ మీటర్ కూడా బిగించారు. అంతా ఇంత తెలివైనదైతే ఎండ ఉన్న వేళ కునుకు తీయడం ఏమిటో ఎవరైనా చెప్పండి.

సందేహాల_రావు · శనివారం, 2:31

స్వాగతం. స్మార్ట్ అని పేరు పెట్టిన ప్రతి వస్తువూ ఇంతే, తెలివంతా బిల్లు వేయడంలో చూపిస్తుంది. అయినా 22 శాతం ప్యానెల్ అంటే 78 శాతం పారేసుకుంటున్నట్టే కదా, దాని మీద ఇన్వర్టర్ కాసేపు ఆగితే కొత్తగా పోయేదేముంది 😄

వైరింగ్_పిచ్చోడు · శనివారం, 2:48

రావుగారూ, ఆయన అసలే టెన్షన్‌లో ఉన్నారు, ఆగండి.

సూర్యుడు గారూ, మూడు విషయాలు చెప్పండి. ఆగినప్పుడు స్క్రీన్ మీద ఏ ఎర్రర్ వస్తోంది? ఆగడానికి ముందు ఏసీ వోల్టేజి ఎంత, ఆగాక ఎంత? ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా వైరు ఎన్ని మీటర్లు, ఎంత మందం? మూడోది తప్పకుండా చూసి చెప్పండి. నూటికి తొంభై మంది ఇన్వర్టర్ బ్రాండ్ గురించి నెల రోజులు చర్చించి, వైరు గురించి ఒక్క నిమిషం కూడా అడగరు.

మేడమీద_సూర్యుడు · శనివారం, 3:40

మేడెక్కి చూసి వచ్చాను. ఎర్రర్ "గ్రిడ్ ఓవర్ వోల్టేజ్". ఆగేముందు 255, 256 చూపిస్తోంది. ఆగిన వెంటనే 244కి పడిపోతుంది. వైరు సుమారు 40 మీటర్లు, ఎందుకంటే మీటర్ గేటు దగ్గర ఉంది, ఇన్వర్టర్ మేడ మీద మెట్ల గదిలో ఉంది. మందం వైరు మీదే రాసి ఉంది, 2.5 స్క్వేర్ ఎంఎం, రాగి.

వైరింగ్_పిచ్చోడు · శనివారం, 3:52

దొంగ దొరికాడు. సగం దొంగ అనుకోండి, మిగతా సగం వీధిలో ఉన్నాడు.

2.5 స్క్వేర్ రాగి వైరు రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, కిలోమీటరుకి సుమారు 7.4 ఓమ్‌లు. వెళ్లేది 40, వచ్చేది 40, మొత్తం 80 మీటర్లు, అంటే దాదాపు 0.6 ఓమ్. 5 కిలోవాట్లంటే 21 ఆంపియర్లు అనుకోండి, రెంటినీ గుణిస్తే 12 వోల్టుల పైమాటే. మీటర్ దగ్గర 244 ఉంటే ఇన్వర్టర్‌కి 256 కనిపిస్తుంది. 230 మీద పది శాతం ఎక్కువంటే 253, మీ ఇన్వర్టర్‌కి ఆ హద్దు పెట్టి ఉంటారు. దాటింది, దిగిపోయింది. దాని పని అది చేసింది.

ట్రిపుల్ఈ_మూడోఏడు · శనివారం, 4:20

అన్నా ఒక డౌట్. మాకు క్లాసులో వైరు పొడుగైతే వోల్టేజి తగ్గుతుందని చెప్పారు, వోల్టేజ్ డ్రాప్ అని. ఇక్కడ పెరుగుతోంది అంటున్నారు. తలకెక్కట్లేదు.

వోల్టు_మామ · శనివారం, 5:05

బాబూ, మీ మేష్టారు చెప్పింది తప్పు కాదు, కరెంటు ఎటు పోతోందో చూడు. నేను సబ్‌స్టేషన్లలో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరయ్యాను. మా కాలంలో కరెంటుకి ఒకటే దారి, సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి, అక్కణ్ణించి ఇంటికి. నీరు పల్లమెరుగు అన్నట్టు వోల్టేజి మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ. అందుకే చివరి ఇంటివాడు సాయంత్రం పూట బల్బు మసకగా వెలుగుతోందని తిట్టుకోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కొంచెం ఎక్కువ పెట్టి పంపేవాళ్లం, 240 దాటి కూడా.

ఇప్పుడు చివరి ఇంటి మేడ మీద పుట్టిన కరెంటు వెనక్కి రావాలి. వీధిలో 244 ఉంటే దానికన్నా ఎత్తులో నిలబడితేనే బయటికి తోయగలదు. దారి ఇరుకైన కొద్దీ ఇంకా ఎత్తు ఎక్కాలి. అదే పది పన్నెండు వోల్టులు. అంటే మేం సాయంత్రం మసక బల్బు కోసం చేసిన ఏర్పాటే మధ్యాహ్నం సోలార్‌వాడి మెడకి చుట్టుకుంటోంది. ఎవరి తప్పూ లేదు, ఆ వైర్లు వేసినప్పుడు ఇలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు.

సోలార్_కుర్రోడు · శనివారం, 5:30

ఇంత కథ ఎందుకు అంకుల్, ఇన్‌స్టాలర్ పాస్‌వర్డ్‌తో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ లిమిట్ 265 చేసేయండి. మా ఇంట్లో అదే చేశాం, ఒక్కసారి కూడా ఆగలేదు.

50_హెర్ట్జ్ · శనివారం, 6:15

దయచేసి అలా చేయకండి. మీ ఇంట్లో ఆగకపోవచ్చు, ఆ ఎక్కువ వోల్టేజిలో కొంత పక్కింటి ఫ్రిజ్ మీదా ఎల్‌ఈడీ దీపాల మీదా పడుతుంది. ఆ హద్దులు లైన్ ఇన్‌స్పెక్టర్ మనశ్శాంతి కోసం పెట్టినవి కావు. వీధి లైను ఆపి స్తంభం ఎక్కినవాడికి మీ మేడ మీంచి కరెంటు రాకుండా చూసే రక్షణ కూడా ఆ మెనూ చుట్టుపక్కలే ఉంటుంది. దాన్ని వేలితో కెలికే అలవాటు మంచిది కాదు.

నేను లోడ్ డిస్పాచ్ వైపు, అంటే గ్రిడ్‌లో ఉత్పత్తినీ వాడకాన్నీ సరితూచే చోట, పని చేస్తాను. ఇలాంటి "చిన్న" సెట్టింగ్ ఎంత దూరం పోతుందో ఒక ఉదాహరణ చెప్తాను. జర్మనీలో 2000ల మధ్యలో సోలార్ ఇన్వర్టర్లన్నింటికీ ఒకటే నిబంధన, ఫ్రీక్వెన్సీ (ఏసీ కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, మామూలుగా 50) 50.2 హెర్ట్జ్ దాటితే వెంటనే తెగిపోవాలి. అప్పుడు సోలార్ ఎంతుందని, ఆవగింజంత. కొన్నేళ్లకి అది వేల మెగావాట్లైంది. అప్పుడు తెలిసొచ్చింది, ఏదో ఒక ఎండ రోజు ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే అవన్నీ ఒకే క్షణంలో పడిపోతాయని, ఐరోపా గ్రిడ్ అలాంటి దెబ్బకి సిద్ధంగా లేదని. చివరికి 2012లో చట్టం తెచ్చి పాత ఇన్వర్టర్లలో లక్షల కొద్దీ వాటికి సెట్టింగులు మార్పించారు. అందరూ ఒకేసారి తెగిపోకుండా, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా ఉత్పత్తి తగ్గించేలా.

సోలార్_కుర్రోడు · శనివారం, 6:22

సరే సరే, మళ్లీ పాత అంకెకే మార్చేస్తా. నాకు తెలీదు.

లెక్కల_పిచ్చి · శనివారం, రాత్రి 9:10

రావుగారి 78 శాతం మాట అలా వదిలేయలేను, క్షమించండి 🙂

ప్యానెల్ సెల్‌లో ఉండే సిలికాన్‌కి ఒక గడప ఉంటుంది, 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు (అంత చిన్న శక్తికి కొలత అది). అంతకన్నా తక్కువ శక్తి ఉన్న కాంతి కణం ఎలక్ట్రాన్‌ని లేపలేదు, అలా దాటిపోతుంది. ఎక్కువ శక్తి ఉన్నది లేపుతుంది గానీ మిగిలిందంతా వేడి అయిపోతుంది. నీలం కాంతి, ఎరుపు కాంతి, రెండూ చేసే పని ఒకటే, ఒక్కో ఎలక్ట్రాన్. ఈ లెక్కని షాక్లీ, క్వైసర్ అనే ఇద్దరు 1961లో కట్టారు. ట్రాన్సిస్టర్‌కి నోబెల్ తీసుకున్న షాక్లీయే. అదే పద్ధతిలో ఇప్పటి లెక్క ప్రకారం ఒకే పొర ఉన్న సెల్‌కి గరిష్ఠం దాదాపు 33.7 శాతం. సిలికాన్ వరకూ చూస్తే 29.4. కాబట్టి 22 శాతాన్ని నూటికి పోల్చకూడదు, 29కి పోల్చాలి. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పొర వేసి, నీలాన్ని పైపొరకి, ఎరుపుని కింద పొరకి పంచితే ఆ గోడ దాటవచ్చు, ప్రయోగశాలల్లో 34 శాతం దాటేశారు కూడా. కాకపోతే ఆ పొర ఎండకి, తేమకి ఏళ్ల తరబడి నిలబడాలి, తంటా అక్కడుంది.

ఇంకోటి. బొగ్గు కేంద్రంలో సామర్థ్యం తగ్గితే ఎక్కువ బొగ్గు మండుతుంది. ప్యానెల్‌కి సామర్థ్యం తగ్గితే ఎక్కువ మేడ కావాలి, అంతే. వాడుకోని ఎండ నిల్వ ఉండేదేం కాదు, ఎలాగూ మేడని కాలుస్తుంది.

వైరింగ్ గారికి ఒక చిన్న సవరణ. 5 కిలోవాట్లు అన్నది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. మండుటెండలో సెల్ 65 డిగ్రీలకి పోతుంది, డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గితే 40 డిగ్రీలకి 14 శాతం ఎగిరిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం వచ్చేది ఓ 4.2 కిలోవాట్లు, కరెంటు 16, 17 ఆంపియర్లు, మీ వైరులో పెరిగేది పది వోల్టులు. మిగతా రెండు వోల్టులు మీటర్ నుంచి స్తంభం దాకా ఉన్న సర్వీసు వైరువి అయ్యుండాలి. 244, 256 లెక్క సరిపోయింది.

వైరింగ్_పిచ్చోడు · శనివారం, 9:25

ఒప్పుకున్నా. పేరు ఊరికే పెట్టుకోలేదు మీరు.

లెక్కల_పిచ్చి · శనివారం, 9:48

ఇంకా అయిపోలేదు. 16.5 ఆంపియర్లు 0.6 ఓమ్‌లోంచి పోతే 160 వాట్లు వైరులోనే వేడైపోతాయి. నూటికి నాలుగు. 98 శాతం ఇన్వర్టర్ పారేసేది రెండే! అదీ కాగితం మీద రాసేది గరిష్ఠ సామర్థ్యం. తక్కువ లోడు దగ్గర, అంటే పొద్దున్నే, మబ్బు పట్టినప్పుడు, అది ఇంకా పడిపోతుంది. అందుకే యూరోపియన్ సామర్థ్యం అని ఒక సగటు ఉంటుంది, సగం లోడు దగ్గరి అంకెకి 48 శాతం బరువు ఇస్తారు, పూర్తి లోడుకి 20 మాత్రమే. ఇన్వర్టర్ కొనేటప్పుడు ఆ అంకె చూడండి. ఈమధ్య కొన్నిట్లో సిలికాన్ కార్బైడ్ స్విచ్‌లు వాడుతున్నారు, అవి వేగంగా తెరుచుకుని మూసుకుంటాయి కాబట్టి స్విచింగ్ నష్టం తక్కువ, లోపలి కాయిల్స్ కూడా చిన్నవైతే సరిపోతుంది. కానీ దాంతో మిగిలేది అర శాతం, మహా అయితే ఒక శాతం.

ఇప్పుడు అసలు దెబ్బ చూడండి. పదమూడు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, మొత్తం 65 నిమిషాలు. 4 కిలోవాట్లు వచ్చే వేళలో. నాలుగు యూనిట్లకు పైనే. మీకు రోజంతా వచ్చేది ఇరవై అనుకుంటే ఐదో వంతు పోతోంది. ఇన్వర్టర్ 98 నుంచి 98.5కి మారిస్తే రోజుకి మిగిలేది యూనిట్‌లో పదో వంతు.

గాలిమర · ఆదివారం, ఉదయం 7:40

పొద్దున్నే చదివాను, బాగుంది. మా గాలి వైపు కూడా ఇలాంటి గోడే ఉంది. బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లో చూపించాడు, గాలిలో ఉన్న శక్తిలో 59.3 శాతం మించి తీయలేమని. మొత్తం లాగేస్తే గాలి రెక్కల వెనకాలే ఆగిపోవాలి, ఆగితే వెనకొచ్చే గాలికి దారేది? మంచి టర్బైన్లు మంచి గాలిలో 45 దాకా వస్తాయి. అక్కడ ఇంకో రెండు శాతం కోసం ఇంజనీర్లు రెక్క వంపు చెక్కుతూ ఉంటారు. చెక్కడం మంచిదే. కానీ శక్తి గాలి వేగానికి ఘనంలో పెరుగుతుంది, వేగం పదో వంతు పెరిగితే శక్తి మూడో వంతు పెరుగుతుంది, అందుకే స్తంభం ఎత్తు పెంచడమే లాభం అనేది మాలో పాత మాట. అంత కష్టపడి తీసిన కరెంటు లైను ఖాళీ లేదని రాత్రి పూట ఆపేయమంటారు చూడండి, అప్పుడు బెట్జ్ గుర్తుకురాడు.

సందేహాల_రావు · ఆదివారం, 8:15

సరే, 78 మాట వెనక్కి తీసుకున్నా. కానీ మీరంతా కలిసి నా అనుమానాన్నే నిజం చేస్తున్నారు. జబ్బు వైరులో ఉంది, వీధిలో ఉంది. మరి స్మార్ట్ మీటర్ ఏం పీకుతోంది? అది గేటు దగ్గర కూర్చుని పావుగంటకోసారి నా ఇంట్లో ఎంత వాడానో రాసుకుంటుంది. ఎవరూ లేనప్పుడు తెలిసిపోతుంది, ఎన్నింటికి లేచానో తెలిసిపోతుంది.

లెక్కల_పిచ్చి · ఆదివారం, 8:50

ఆ భయం ఉత్తదేం కాదు రావుగారూ. 1980ల్లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జార్జ్ హార్ట్ అనే ఆయన ఇంటి మొత్తం లోడు గీతని చూసి ఏ పరికరం ఎప్పుడు ఆన్ అయిందో విడదీయవచ్చని చూపించాడు. పావుగంట రీడింగులో అంత వివరం దొరకదు, సెకను రీడింగులైతే దొరుకుతుంది. దూరం నుంచి కనెక్షన్ కట్ చేయగల స్విచ్ ఉన్న మీటర్లైతే ఆ తాళం ఎవరి చేతికి చిక్కుతుందన్నది ఇంకో భయం. 2015 డిసెంబర్‌లో యుక్రెయిన్‌లో సైబర్ దొంగలు కరెంటు పంపిణీ సంస్థల కంట్రోల్ కంప్యూటర్లలోకి చొరబడి బ్రేకర్లు తెరిచేశారు, రెండు లక్షల మందికి పైగా వినియోగదారులకి గంటల తరబడి కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో వేస్తే తప్ప రాలేదు.

వోల్టు_మామ · ఆదివారం, 9:30

రావుగారు అడిగింది మంచి ప్రశ్న, అందరూ పక్కకి పోతున్నారు. మీటర్ ఏం పీకుతోంది?

ఆ మీటర్ యూనిట్లతో పాటు వోల్టేజి కూడా రాస్తుంది. పావుగంటకో అరగంటకో ఒకసారి. మేం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఏం జరుగుతోందో మాకు చీకటి. పెద్ద లైన్ల మీద ప్రతి రెండు మూడు సెకన్లకి రీడింగ్ వచ్చేది, వీధి లైను గురించి తెలియాలంటే ఎవరో ఫోన్ చేసి తిట్టాలి. అదే మా సెన్సర్. ఇప్పుడు ప్రతి గేటు దగ్గరా వోల్ట్‌మీటర్ కూర్చుంది. వీధిలో ముప్ఫై ఇళ్ల వోల్టేజి గీతలు పక్కపక్కన పెడితే ఏ ఇల్లు ఏ ఫేజ్ మీద, అంటే స్తంభం మీది మూడు కరెంటు తీగల్లో దేని మీద, ఉందో కూడా తెలిసిపోతుంది, ఒకే ఫేజ్ మీద ఉన్న ఇళ్ల గీతలు కలిసి లేస్తాయి, కలిసి పడతాయి. ఆఫీసులో మ్యాపు మీద ఒకటుంటుంది, స్తంభం మీద ఇంకోటుంటుంది, లైన్‌మన్ ఎప్పుడో గాలివానలో తెగిన తీగ ఏది దొరికితే దానికి కట్టి ఉంటాడు. ఆ తప్పు పట్టడానికి ఇంతకన్నా చవకైన దారి లేదు.

నా బాధల్లా ఆ వోల్టేజి ఎవరూ చూడరు. బిల్లింగ్ వాళ్లకి యూనిట్లు పోతాయి, మిగతాది సర్వర్‌లో మూలుగుతుంది.

సూర్యుడు గారూ, మీ వీధిలో సింగిల్ ఫేజ్ సోలార్ ఇళ్లన్నీ ఒకే ఫేజ్ మీద పడ్డాయేమో కనుక్కోండి. అలా పడితే ఆ ఫేజ్ ఒక్కటే ఉబ్బుతుంది, మిగతా రెంటిలో ఒకటి తగ్గను కూడా తగ్గవచ్చు.

మేడమీద_సూర్యుడు · ఆదివారం, 10:20

మామగారూ, ఎలా కనుక్కోవాలి? నాకు మీటర్ డేటా ఎవరిస్తారు?

వైరింగ్_పిచ్చోడు · ఆదివారం, 10:31

డిస్‌ప్లే పక్కన బటన్ ఉంటుంది, నొక్కుతూ పోండి. తేదీ, యూనిట్లు, ఆ తర్వాత ఎక్కడో వోల్టేజి వస్తుంది. పక్కిళ్లవి కూడా వాళ్లనడిగి ఒకే సమయంలో చూసి రాసుకోండి, గంటకోసారి, రెండు మూడు రోజులు. ఈలోగా వైరు 10 స్క్వేర్‌కి మార్పించండి. పది వోల్టులు పెరిగే చోట రెండున్నరకి దిగుతుంది, 160 వాట్ల నష్టం 40కి దిగుతుంది. ఇన్వర్టర్‌నే మీటర్ దగ్గరికి దించుదామని ఎవరైనా అంటారు, అదీ దారే, డీసీ వైపు వోల్టేజి ఎక్కువ, కరెంటు తక్కువ కాబట్టి పొడుగు వైరు అటువైపే నయం. కానీ మీ గేటు దగ్గర నీడ, వాన తగలని చోటు ఉండాలి.

ట్రిపుల్ఈ_మూడోఏడు · ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఇన్వర్టర్ రియాక్టివ్ పవర్ (పనికి రాకుండా లైనులో అటూ ఇటూ ఊగే పవర్) తీసుకుంటే వోల్టేజి తగ్గుతుంది కదా, వోల్ట్-వార్ మోడ్ అంటారు. అది ఆన్ చేస్తే సరిపోదా?

50_హెర్ట్జ్ · ఆదివారం, 1:30

కొంత సరిపోతుంది. ఇందులో ఒక తమాషా చరిత్ర ఉంది. చిన్న జనరేటర్లని గ్రిడ్‌కి ఎలా కలపాలో చెప్పే ఐఈఈఈ 1547 అనే అమెరికా ప్రమాణం 2003లో వచ్చినప్పుడు చిన్న జనరేటర్లు వోల్టేజి విషయంలో వేలు పెట్టకూడదని రాశారు. 2018లో దాన్ని తిరగరాసి, ఆ సామర్థ్యం తప్పనిసరిగా ఉండాలన్నారు. పదిహేనేళ్లలో "నోరు మూసుకో" నుంచి "నువ్వూ ఒక చెయ్యి వెయ్యి"కి వచ్చింది.

అయితే వీధి వైరులో రెసిస్టెన్స్ ఎక్కువ, రియాక్టెన్స్ (ఏసీ ఊగిసలాటకి మాత్రమే ఎదురయ్యే అడ్డు) తక్కువ. పెద్ద లైన్లలో దీనికి తలకిందులు. కాబట్టి వీధిలో రియాక్టివ్ పవర్‌తో వోల్టేజిని లాగడం చాలావరకు ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టెన్స్ మీద ఆధారపడిన పని, సన్న వైరులో పెరిగే వోల్టేజిని అది పెద్దగా తగ్గించలేదు. పైగా అదనపు కరెంటు పారుతుంది, దాని నష్టం దానికుంది. ఇలాంటి చోట వోల్ట్-వాట్ మంచిది. 253 దగ్గర టక్కున ఆరిపోయే బదులు 248, 250 దగ్గరే నాలుగు కిలోవాట్లని మూడుకి దించుకుంటుంది. మూడు వస్తూ ఉండటం, సున్నాకి పడి ఐదు నిమిషాలు ఎదురుచూడటం, రెంటికీ తేడా మీరే చూడండి. రెండు మోడ్‌లూ మీ ఇన్వర్టర్‌లో ఉండే ఉంటాయి. కానీ ఏ అంకెలు పెట్టాలో డిస్కమ్, అంటే మీ కరెంటు పంపిణీ సంస్థ, చెప్పాలి, మీ అంతట మీరు పెట్టకండి.

ఇది మేడ మీది సమస్య మాత్రమే అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగమంతా చీకటైపోయింది. అప్పుడు అందరూ ముందు ఫ్రీక్వెన్సీ గురించి, ఇనర్షియా (తిరిగే భారీ యంత్రాల జడత్వం) గురించి మాట్లాడారు. దర్యాప్తులో బయటపడింది అదుపు తప్పిన ఓవర్ వోల్టేజి. వోల్టేజి పెరిగింది, కేంద్రాలు రక్షణ కోసం తెగిపోయాయి, అవి పీల్చుకుంటున్న రియాక్టివ్ పవర్ కూడా వాటితోపాటే పోయింది, వోల్టేజి ఇంకా పెరిగింది, ఇంకొన్ని తెగిపోయాయి. సెకన్లలో అయిపోయింది. అక్కడి సౌర, పవన కేంద్రాలు చాలావరకు స్థిరమైన పవర్ ఫ్యాక్టర్ మీద, అంటే రియాక్టివ్ పవర్ వాటా మార్చకుండా, నడిచేవి, వోల్టేజిని చూసి స్పందించమని వాటికి ఎవరూ చెప్పలేదు. సూర్యుడు గారి ఇన్వర్టర్ చేసేదీ అదే, హద్దు దాకా ఊరుకుని, దాటగానే పారిపోవడం.

సందేహాల_రావు · ఆదివారం, 2:10

అంటే సోలార్, గాలి ఎక్కువైతే గ్రిడ్ కూలుతుందని మీరే ఒప్పుకున్నట్టు.

50_హెర్ట్జ్ · ఆదివారం, 2:55

నేనలా అనలేదు, వాటికి పని అప్పజెప్పకపోతే ఇబ్బంది అన్నాను. బొగ్గు, జల కేంద్రాల్లో టన్నుల కొద్దీ బరువున్న రోటర్లు తిరుగుతుంటాయి, ఏదైనా కేంద్రం పడిపోతే ఆ తిరుగుడులోని శక్తి కొన్ని సెకన్లు ఆదుకుంటుంది. ఇన్వర్టర్‌లో తిరిగేదేం లేదు. మామూలు ఇన్వర్టర్ గ్రిడ్ తాళాన్ని విని దానికి గొంతు కలుపుతుంది, తాళం తప్పితే అదీ తప్పుతుంది. గ్రిడ్-ఫార్మింగ్ అని వస్తున్నవి తామే తాళం వేయగలవు.

2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో లైను మీద పిడుగు పడింది. సముద్రంలోని గాలిమరల కేంద్రమూ, ఒక గ్యాస్ కేంద్రమూ దాదాపు ఒకేసారి పోయాయి. అక్కడితో ఆగలేదు, ఊళ్లలో ఉన్న చిన్న చిన్న జనరేటర్లు ఆ కుదుపుకే భయపడి తెగిపోయాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి పడింది, దాదాపు పది లక్షల మందికి కరెంటు తీసేసి మిగతావాళ్లని కాపాడారు. కొన్ని రైళ్లు ఆగిపోయి, టెక్నీషియన్లు వెళ్లి మళ్లీ స్టార్ట్ చేసేదాకా కదల్లేదు, గ్రిడ్ కొన్ని నిమిషాల్లోనే సర్దుకున్నా సరే! ఇక్కడా జబ్బు సెట్టింగులదే. దీనికి ఎదురు ఉదాహరణ దక్షిణ ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్ బ్యాటరీ, 100 మెగావాట్లు, 2017 చివర్లో పెట్టారు. పెట్టిన నెలలోనే వందల కిలోమీటర్ల దూరంలో ఒక బొగ్గు యూనిట్ పడిపోతే, సెకను కూడా గడవకముందే స్పందించింది.

గాలిమర · ఆదివారం, 4:00

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి, సూర్యుడు గారు బ్యాటరీ పెట్టుకుంటే మధ్యాహ్నం బయటికి తోయాల్సిన పనే ఉండదు కదా?

లెక్కల_పిచ్చి · ఆదివారం, 4:35

ఉండదు, కానీ మెట్లు లెక్కపెట్టండి. ప్యానెల్ డీసీ, ఏసీ చేశాం, 0.97. బ్యాటరీ కోసం మళ్లీ డీసీ, 0.96. బ్యాటరీ లోపల, 0.95. రాత్రికి మళ్లీ ఏసీ, 0.96. గుణిస్తే 0.85. ప్యానెల్, బ్యాటరీ రెంటినీ డీసీ వైపే కలిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే ఒకటి రెండు మెట్లు తగ్గుతాయి. నీళ్లు పైకెక్కించి దింపే పంప్డ్ స్టోరేజి 75, 80. హైడ్రోజన్ చేసి మళ్లీ కరెంటు చేస్తే చేతికొచ్చేది మూడో వంతు, దాన్ని ఎరువులకో ఉక్కుకో వాడుకోవడం మంచిది, రాత్రి దీపానికి కాదు.

అన్నిటికన్నా తక్కువ నష్టం దేనిలో అంటే, నిల్వే చేయకుండా మధ్యాహ్నమే వాడేయడం. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, కారు ఛార్జింగ్ పదకొండు తర్వాత వేయండి. రెండు కిలోవాట్లు ఇంట్లోనే వాడేస్తే మీటర్ దాటి బయటికి పోయేది సగమే, వీధి వోల్టేజి మీద ఒత్తిడీ సగమే. స్మార్ట్ గ్రిడ్ పుస్తకాల్లో దీన్నే డిమాండ్ రెస్పాన్స్ అని పెద్ద పేరు పెట్టి రాస్తారు.

వైరింగ్_పిచ్చోడు · ఆదివారం, 4:41

ఒక్క మాట, అది వీధి వోల్టేజికి. మోటారు మీటర్ దగ్గర ఉంటే మేడ మీంచి వచ్చే వైరులో కరెంటు అంతే, అక్కడ పెరిగే వోల్టేజి అంతే. వైరు మార్చాల్సిందే.

మేడమీద_సూర్యుడు · రెండు వారాల తర్వాత, సోమవారం, రాత్రి 8:20

ఆలస్యానికి మన్నించండి. జరిగింది వరసగా చెప్తాను.

వైరు 10 స్క్వేర్‌కి మార్పించాను. పాత వైరు లాగి తీస్తుంటే ఎలక్ట్రీషియన్ పైపు వంపు దగ్గర చూపించాడు, ఇన్సులేషన్ రంగు మారిపోయింది, ఇంకో ఏడాది ఆగితే ఏమయ్యేదో. మర్నాటి నుంచి మధ్యాహ్నం ఇన్వర్టర్ దగ్గర 248, 249. మామూలు రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. మోటారు పన్నెండింటికి వేస్తున్నాం.

ఆదివారాలు మాత్రం ఇంకా ఆగుతోంది, మొన్న మూడు సార్లు. వీధి చివర రెండు ఆఫీసులు, ఒక వర్క్‌షాపు ఉన్నాయి, ఆ రోజు మూసేస్తారు, లోడు ఉండదు. మామగారు చెప్పినట్టు ఆరు ఇళ్ల మీటర్లు మూడు రోజులు గంటకోసారి చూసి రాశాం, పిల్లలు సెలవుల్లో ఉన్నారు కాబట్టి వాళ్లకే అప్పజెప్పాను. సోలార్ ఉన్న నాలుగిళ్లూ కలిసే లేస్తున్నాయి, ఆదివారం మధ్యాహ్నం 251, 252. ఎదురు వరసలో రెండిళ్లు 231 దగ్గర కదలకుండా ఉన్నాయి. నాలుగూ ఒకే ఫేజ్.

గ్రాఫు గీసి కరెంటు ఆఫీసుకి తీసుకెళ్లాను. అక్కడి ఇంజనీరు గారు చాలాసేపు చూసి, "ఈ డేటా మీకెక్కడిది?" అన్నారు. మీ మీటర్లదే సార్ అన్నాను.

సందేహాల_రావు · సోమవారం, 8:32

😂😂 ఈ ఒక్క ముక్క కోసం రెండు వారాలు ఆగినా పరవాలేదు.

వోల్టు_మామ · సోమవారం, 9:15

బాగా చేశారు. ఇప్పుడు వాళ్లు రెండు మాటలు అనవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (బయటికిచ్చే వోల్టేజిని మెట్లుగా మార్చే అమరిక) ఒక మెట్టు దించుతాం అంటే, అది రెండున్నర శాతం, అంటే ఆరు వోల్టుల దాకా తగ్గుతుంది, కానీ మూడు ఫేజ్‌లకీ తగ్గుతుంది. ఎదురు వరస 231 మధ్యాహ్నం మాట, రాత్రి ఎనిమిదింటికి అక్కడ ఎంతుందో మీ దగ్గర రాసి ఉందా? అది ఇప్పటికే 215 అయితే ట్యాప్ దించగానే వాళ్లొచ్చి మీ గేటు కొడతారు. దానికన్నా మీ నాలుగిళ్లలో రెంటిని వేరే ఫేజ్ మీదకి మార్చమనండి, స్తంభం దగ్గర అరపూట పని.

మేడమీద_సూర్యుడు · సోమవారం, 9:24

రాత్రి రీడింగులు తీయలేదు మామగారూ. రేపటి నుంచి పిల్లల్ని ఎనిమిదింటికి కూడా పంపిస్తాను.